దొర నోటి ముద్ద

ఒక రాతిగుట్ట కింద ఎర్రచీమలు దొరలు, నల్లచీమలు బానిసలు. దొరల దవడలు కొడవళ్లలా వంగి ఉండేవి. వాటితో నరకడమే తప్ప తినడం కుదరదు. అందుకే నల్లచీమలు మేత మెత్తగా నమిలి వాళ్ల నోట్లో పెట్టేవి.

ఒకనాడు దొరలు కొన్ని గుడ్లు దోచుకొచ్చారు.

"వీటినీ పెంచు. రేపు చాకిరీకి పనికొస్తాయి," అన్నాడు పెద్దదొర.

కాటుక అనే నల్లచీమ ఒక గుడ్డును వాసన చూసింది. అచ్చం తన ఒంటి వాసనే. తననూ ఇలాగే ఎత్తుకొచ్చారని అప్పుడు అర్థమైంది.

"పెంచను దొరా. వీటి ఇంటికి చేరుస్తాను."

"ఒక్క కాటుకు రెండు ముక్కలవుతావు."

"అవుతాను. మరి సాయంత్రం నీకు ముద్ద ఎవరు పెడతారు?"

"నువ్వు పోతే ఇంకొకతె."

కాటుక వెనక్కి చూసింది. నల్లచీమలన్నీ అప్పటికే గుడ్లు నోట కరుచుకుంటున్నాయి.

"పద బిడ్డా, ఎండ ఉండగానే మన పుట్ట వెతుక్కుందాం," అంది ఒక ముసలిచీమ.

దొర దవడలు తెరిచాడు. కొరికితే ముద్ద పెట్టే నోరు పోతుంది, కొరక్కపోతే అన్నీ పోతాయి. ఆ లెక్క తేలేలోపు చివరి గుడ్డు గడప దాటింది.

కొట్టు నిండా బెల్లం ఉంది. దొరలు దాని చుట్టూ కూర్చుని, నోళ్లు తెరుచుకుని ఎదురుచూశారు.