గోడ అవతల వియత్నాం

"బిడ్డా, ఇయ్యాల్నే రూం ఖాళీ చెయ్యి," అంది ఇంటి ఓనరు లచ్చవ్వ, గుమ్మంలో నిలబడి.

సుధామయి చదువుతున్న పుస్తకం మూసింది. తెల్లారితే యూనివర్సిటీలో పీహెచ్‌డీ వైవా. ఇప్పుడు సామాను మూటగట్టుకుని తార్నాకలో ఏ గడప ఎక్కాలి?

"నేనేం చేసిన అవ్వా?"

"వారం సంది వింటున్న. ఒకటే సావు ముచ్చట్లు. గోడ అవతల మా ముసలాయన గుండె ఆపరేషన్ అయ్యి పండుకున్నడు. నువ్వేమో గీడ 'తాతల కాడికి పోయిండు, ఉప్పు అమ్మనీకి పోయిండు' అని గట్టిగ సదువుతున్నవు. ఆయనకు బెంగ పట్టుకున్నది. డాక్టర్ చెప్పిన సప్పటి గంజి గూడ నిన్నటి సంది ముడుతలేడు."

సుధామయికి సిగ్గేసింది. వియత్నాం వాళ్లు చావును ఎన్ని రకాలుగా చెప్పుకుంటారన్నదే ఆమె పరిశోధన. లైబ్రరీలో పెదవి విప్పితే ఊరుకోరు కనుక రేపటి జవాబులన్నీ ఈ గోడకే అప్పజెబుతోంది.

"అవి భయపెట్టే మాటలు కావవ్వా. ఆ దేశంల చావు మీద గూడ నవ్వుకుంటరు. పోయినోళ్ల ఫొటో ముందట నిండు కోడిని ఉడకబెట్టి పెడ్తరు. అందుకే ఎవరన్న పోతే 'బట్టల్లేని కోడిని చూసుకుంట కూసున్నడు' అంటరు."

లచ్చవ్వకు నవ్వు రాబోయి ఆగిపోయింది. "పెత్రమాసకు మేం గూడ పెద్దలకు కోడికూర పెడ్తం. గని నవ్వుతమా? ముచ్చట మార్చకు. ఆయనకేమన్న అయితే నాకెవరు దిక్కు?"

సుధామయి పుస్తకాలు సంచిలో కుక్కుకుంది. పాపం, పెద్దాయనను అంత బెదరగొట్టానా అని ప్రాణం ఉసూరుమంది. పోయే ముందు ఒక మాట చెబుదామని పక్క గదిలోకి వెళ్లింది.

ముసలాయన సమ్మయ్య గోడవైపు తిరిగి పడుకున్నాడు. స్టూలు మీద గంజి చల్లారి మీగడ కట్టింది.

"తాతా, తప్పయింది. నేను పోతున్న. ఇంక భయపడకుండ తిను."

సమ్మయ్య మెల్లగా ఇటు తిరిగాడు.

"భయమా? ఎవరికి? నువ్వు యాడికీ పోకు," అని, వెనకాలే వచ్చిన లచ్చవ్వను గుర్రుగా చూశాడు.

"ఏమే, వారం సంది నేను గూడ వింటనే ఉన్న. సచ్చినోడేమో గాడ ఉప్పు అమ్ముకుంటున్నడు, ఎదురుంగ నిండు కోడి పెట్టిచ్చుకుంటున్నడు. బతికున్న నాకు ఈ ఉప్పు లేని గంజేందే?"