ఓడ కడ్డీలు

దిక్సూచి పీఠంలో ఉండాల్సిన రెండు కడ్డీలూ కనబడలేదు.

దత్తాత్రేయ గదంతా గాలించాడు. మంచం కింద చూశాడు, అటక మీద చూశాడు. జానెడు పొడవున్న కడ్డీలు జేబులో పట్టవని తెలిసి కూడా నిన్న విడిచిన ప్యాంటు జేబులు తడిమాడు.

నందిగామ కాలేజీలో చరిత్ర చెబుతాడతను. సముద్రానికీ ఆ ఊరికీ ఆమడల దూరం. అయినా పంతొమ్మిదో శతాబ్దపు ఓడల సామానంటే ప్రాణం పెడతాడు. సూర్యుడి ఎత్తు కొలిచే సెక్స్‌టెంటు, కెప్టెన్ల దుర్భిణి, నడుమెత్తు టేకు పీఠంలో కూర్చున్న ఇత్తడి దిక్సూచి. కాకినాడ నుంచి హైదరాబాదు పోయే తుక్కు లారీలు గరికపాడు ధాబాల దగ్గర ఆగుతాయి. ఆదివారాలు అక్కడే కాపు కాసి, డ్రైవర్లను బతిమాలి ఒక్కొక్కటీ పోగేశాడు. ఆ సామాను చూసి ఊళ్లో ఎవరూ ఇల్లు అద్దెకివ్వలేదు. చివరికి చోటిచ్చింది వీరరాఘవయ్యగారే.

ఇప్పుడా చోటుకీ ఎసరొచ్చింది. బెజవాడలో కొత్తగా లేస్తున్న అపార్ట్‌మెంట్లు చూసొచ్చిన దగ్గర్నుంచి వీరరాఘవయ్య ఈ ఇల్లు అమ్మేస్తానని కూర్చున్నారు. ఇప్పటికి రెండు బేరాలొచ్చాయి. రెండూ కాలేజీ ఉన్న రోజుల్లోనే. వాస్తు సిద్ధాంతిని వెంటబెట్టుకొచ్చారట, ఇల్లు దిక్కులకి సరిగా లేదన్నారట, వెళ్లిపోయారట. దత్తాత్రేయ పైకి అయ్యో అన్నాడు. లోపల మాత్రం ఆ సిద్ధాంతులకి దండం పెట్టుకున్నాడు.

మూలిగే నక్క మీద తాటిపండు పడ్డట్టు, మూడో బేరం ఈ ఆదివారమే వస్తోంది.

"పిన్నిగారూ, నా గదిలో రెండు కడ్డీలు చూశారా?" హాల్లో టీపాయ్ తుడుస్తున్న ఇంటావిడని అడిగాడు.

"ఆ తుక్కులో ఏదేదో నాకేం తెలుస్తుంది నాయనా," అంది దుర్గాంబ.

నిజానికి ఆ కడ్డీలు దేనికని ఒకసారి ఆవిడే అడిగింది. అడిగిందే చాలని దత్తాత్రేయ గంటసేపు చెప్పాడు. ఆవిడ బియ్యంలో రాళ్లేరుకుంటూ ఊఁ కొట్టింది. ఏం తలకెక్కి ఉంటుందిలే అనుకున్నాడు.

ఆదివారం పొద్దున్నే జగ్గయ్యపేట మిర్చి వ్యాపారి భవానీప్రసాద్ సిద్ధాంతితో సహా జీపు దిగాడు. దుర్గాంబ ఎదురెళ్లి ఇల్లంతా తిప్పి చూపించింది. గాలీ వెలుతురూ బంగారమంది. తనకి ఎప్పుడెప్పుడు బెజవాడ పోయి లిఫ్టు ఎక్కుదామా అని ఉందంది. మొన్ననే పెరట్లో కొబ్బరి మొక్క పెట్టింది. అమ్మేసే ఇంట్లో మొక్కేమిటని భర్త నవ్వితే, కొనుక్కున్నవాళ్లు తింటారులెండి అంది. అంత మంచి మనసు ఆవిడది.

దత్తాత్రేయ కాలుగాలిన పిల్లిలా గదిలోంచి వసారాలోకీ, వసారాలోంచి గదిలోకీ తిరుగుతున్నాడు. ఈ ఇల్లు పోతే ఆ పీఠాన్ని భుజాన వేసుకుని ఏ గుమ్మం ఎక్కాలి? కడ్డీలు లేని దిక్సూచి ఉండి మాత్రం ఎందుకు? ఏడుపొచ్చినంత పనైంది.

"నడి ఇల్లు ఇదేనండి," అంటూ దుర్గాంబ హాలు మధ్యకి టీపాయ్ జరిపింది. కింది అరలో వారపత్రికల దొంతర, పైన ఉతికిన గుడ్డ. సిద్ధాంతి దాని మీద తన కాంపాస్ పెట్టి, కళ్లజోడు సవరించుకుని వంగాడు. వీరరాఘవయ్య కూడా పక్కన వంగి చూశారు. అటువైపు చూసే ధైర్యం లేక దత్తాత్రేయ తలుపు చాటున కళ్లు మూసుకున్నాడు.

"లాభం లేదండి," అన్నాడు సిద్ధాంతి. "ఇంత విదిక్కు కొంప నేనెక్కడా చూళ్లేదు."

భవానీప్రసాద్ కాఫీ సగంలో వదిలేసి లేచాడు. వీరరాఘవయ్య నచ్చజెబుతూ జీపు దాకా వెంటబడ్డారు.

హాల్లో ఇద్దరే మిగిలారు. దుర్గాంబ గ్లాసులు తీసి పక్కన పెట్టింది. టీపాయ్ ముందు వంగి, వారపత్రికల మధ్య నుంచి పాత చీర ముక్కలో చుట్టినదేదో తీసి దత్తాత్రేయ చేతిలో పెట్టింది.

"ఇవిగో నాయనా నీ ఓడ అయస్కాంతాలు, మళ్లీ ఎవరైనా ఇల్లు చూడ్డానికొస్తే ఆ పూటకి ఇద్దువుగాని."