ఇరవై జీబీల ఖాళీ

జుమ్మా నమాజు ముగించుకుని వచ్చి రబ్బానీ నెట్ సెంటర్ షట్టరు ఎత్తేసరికి, ఆరాధన మెట్ల మీద కూర్చుని ఉంది.

"అన్నా, టీచరు పోస్టుకు అప్లికేషన్. ఇయ్యాలే ఆఖరు. సాయంత్రం మూసేస్తారంట."

"అంతేనా! చిటికెలో పని. కూర్చో పాపా."

చిటికెలో అయ్యే పనంటే కంప్యూటరుకు ఎక్కడ లేని బెట్టు. కొత్త అప్‌డేట్ వేస్తేగాని సైటు తెరవనంది. సరే అని అప్‌డేట్ నొక్కితే ఇంకో పేచీ. డిస్కులో ఇరవై జీబీల ఖాళీ కావాలట. ఉన్నది మూడు.

"నీ దుంప తెగ!" అని తిట్టుకుంటూ, ఏది తీసేద్దామా అని వెతకసాగాడు రబ్బానీ.

అంతలో ఒకాయన రొప్పుతూ లోపలికి వచ్చాడు. ఖాకీ చొక్కా నిండా నెత్తురు.

"యా అల్లా! ఏమైందప్పా?"

"నా పేరు ఏసురాజు. ఎర్రగుంట్ల నుంచి సిమెంటు లారీ తోల్తా. ఇందాక నీ అంగడి ముందర ఎవరో ముసలామెను కారు గుద్దిపాయ. అందరూ నమాజులో ఉండారు, రోడ్డు మీద పిట్ట లేదు. నేనే ఎత్తుకోని పోయి ఆసుపత్రిలో చేర్చినా. ఇప్పుడు నేనే గుద్దినానంటాండారు! కేసు పెడతారంట. నీ కెమెరాలో పడింటాది, రోంత చూపించప్పా."

"జుమ్మాకు పోయేటప్పుడు మెయిన్ స్విచ్చి ఆపి పోతా నేను. కెమెరా తిరగదు."

"ఒక్కపారి చూడప్పా. నాకు ఇంకో సాక్ష్యం లేదు."

"అన్నా, టైమైపోతాంది!" ఆరాధన గొంతులో ఏడుపు.

"చూస్తాలేప్పా, ముందు ఈ పాప పని కానీ."

అన్నిటికన్నా లావుగా ఉన్నది కెమెరా వీడియోల ఫోల్డరే. ఆ పాత చెత్త ఎవడు చూస్తాడు? అందులో నమాజు వేళది ఎటూ ఉండదు. మొత్తం పట్టి, తిరిగి రాకుండా తుడిచేశాడు. అప్‌డేట్ మొదలైంది.

ఏసురాజు బల్ల మీద ఓ మూల కూర్చున్నాడు.

కాసేపటికి వీధంతా కరెంటు పోయింది.

కంప్యూటరు ఆగలేదు. కెమెరా లైటూ ఆరలేదు.

రబ్బానీకి అప్పుడు గుర్తొచ్చింది. ఇన్వర్టరు! ఈ వారమే కదా పెట్టించింది! మెయిన్ ఆపినా అన్నీ నడుస్తూనే ఉండుంటాయి. తను వచ్చేసరికి కంప్యూటరు వెలిగే ఉందన్న సంగతి తొందరలో పట్టించుకోనేలేదు.

"ఏమప్పా, చూస్తాండావా?" అన్నాడు ఏసురాజు.

రబ్బానీ తెర మీంచి తల తిప్పలేదు.

"లేదప్పా. పడలేదు," అనేశాడు.

ఏసురాజు లేచి వెళ్లిపోయాడు. ఆరాధన అప్లికేషన్ మాత్రం వెళ్లింది.

అప్పుడు తీశాడు రబ్బానీ జేబులోంచి ఫోను. నమాజుకని సైలెంటులో పెట్టిన ఫోను. భార్య షాహనా కాల్స్ వరసగా ఉన్నాయి. గాభరాగా చేశాడు.

"యాడుండావయ్యా! నీకు సద్ది తెస్తాంటే అత్తమ్మను లారీ గుద్దిందంట! ఒళ్లు తెలీకుండా పడుండాది. ఎవరో గుర్తుపట్టి నాకు చెప్పినారు. బిరీన రా!"

రబ్బానీకి ఒళ్లు మండిపోయింది.

అమ్మనా! మా అమ్మను గుద్ది, నా అంగడికే వచ్చి నాకే కత చెప్పినాడా! కెమెరాలో పడిందేమో కనుక్కుందామని వచ్చినాడన్నమాట, దొంగ!

వీడియో తుడిచేశానని అంతసేపూ పీకుతున్న మనసు కాస్త కుదుటపడింది.

పోలీసు స్టేషనుకు పోయి, గుద్దింది ఏసురాజేనని, కెమెరాలో పడిందేమో చూడ్డానికే తన అంగడికి వచ్చాడని చెప్పాడు. చెప్పిందంతా రాయించి సంతకం పెట్టాడు. ఏసురాజును జైలుకు పంపారు. పోతూ పోతూ అతను రబ్బానీ వైపు ఒక్కసారి చూశాడు. రబ్బానీ మొహం తిప్పుకున్నాడు.

వారం తిరిగాక ఆసుపత్రిలో రబ్బానీ తల్లి పీరాంబీ కళ్లు తెరిచింది. కొడుకును గుర్తుపట్టింది.

"భయం లేదు లేమ్మా. నిన్ను గుద్దిన లారీవోణ్ణి లోపలేయించినా," అన్నాడు రబ్బానీ.

ఆ తల్లి కళ్లు పెద్దవయ్యాయి.

"లారీవోణ్ణా? ఎంత పని చేసినావ్ రా! నన్ను గుద్దింది కారు. ఎనకాల వచ్చే బండ్లు నన్ను తొక్కకుండా, తన లారీని రోడ్డుకు అడ్డం పెట్టి నన్ను ఎత్తుకున్న బిడ్డ రా అతను!"