రెండో చీటీ

"సంతకం పెట్టకపోతే మనిద్దరి ఉద్యోగాలూ పోయేవి, ఎన్నిసార్లు చెప్పాలి?" అన్నాడు సాకేత్ అన్నం కలుపుతూ.

సైబీరియాలోని ఆ పాత సాంకేతిక విశ్వవిద్యాలయంలో ఇప్పుడు అధ్యాపకుల గొంతులతో యంత్రాలే, చీటీ తీసి అందులోని ప్రశ్నకు జవాబు చెప్పే మౌఖిక పరీక్షలు పెడుతున్నాయి. గొంతు ఇవ్వనన్నది హిమజ ఒక్కతే. ఒప్పుకోలు పత్రం మీద ఆమె సంతకం భర్త సాకేతే చేసేశాడు.

"ఆ యంత్రం అచ్చం నీలాగే మాట్లాడిందమ్మా," అంది అక్కడే చదువుతున్న కూతురు. "కానీ తడబడినవాళ్లు ఇంకో ప్రశ్నచీటీ తీస్తామంటే ఒప్పుకోలేదు. పద్నాలుగు మంది తప్పారు. నిన్నే తిట్టుకుంటున్నారు."

ఇరవయ్యేళ్లలో హిమజ ఎవరికీ రెండో చీటీ కాదనలేదు.

"పోనీలేవే, పరాయివాడా, మొగుడేగా!" అంది అత్తగారు.

హిమజ అందరికీ పెరుగు వడ్డించి కూర్చుంది.

"రేపు విశ్వవిద్యాలయ కౌన్సిల్‌కి వెళ్తున్నాను. ఆ సంతకం నాది కాదని చెబుతాను. ఎవరిదో కూడా చెబుతాను."