పదికి పది

చిన్నకోడలు రాసిన గుర్రం మళ్ళీ గెలిచింది.

రేడియోలో ఆ పేరు వినగానే మామగారు తొడ చరిచి, "భేష్ అమ్మాయ్!" అన్నాడు. పెద్దకొడుకు రేడియో కట్టేశాడు. తను రాసిన గుర్రం ఎన్నో స్థానంలో వచ్చిందో వినే ఓపిక అతనికి లేదు.

ఆ ఇంటి ముందుగదే పత్రికాఫీసు. గుర్రప్పందేల సంగతులు తప్ప ఆ పత్రికలో ఇంకేమీ ఉండవు. మామగారు సంపాదకుడు. చిన్నకొడుకు వెనకగదిలో అచ్చు వేస్తాడు. ఏ గుర్రం గెలుస్తుందో రాసే పని మొదటినుంచీ పెద్దకొడుకుదే. చిన్నకోడలు కాపురానికొచ్చిన కొత్తలో ప్రూఫులు దిద్దేది. దిద్దుతూ దిద్దుతూ, "నేనూ ఓ మూల రాయనా మామయ్యగారూ?" అని అడిగింది. ఆ మూల కాస్తా సగం పేజీ అయింది.

ఇప్పుడు మామగారికి చూపు మందగించింది. ఈ సీజను చివరి పందెం కాగానే తన కుర్చీ ఇద్దరిలో ఒకరికి ఇచ్చేస్తానన్నాడు.

"నిన్నగాక మొన్న వచ్చింది. గుర్రాన్ని దగ్గర్నుంచి చూసిన మొహమేనా అది?" అన్నాడు పెద్దకొడుకు భార్యతో.

"మీరు రోజూ చూస్తూనే ఉన్నారుగా" అంది ఆమె, కూరగాయల మీంచి తల ఎత్తకుండా.

మంగలి షాపులోనూ అదే గోల. ఒకప్పుడు గడ్డం గీస్తూ, "ఇవాళ ఏ గుర్రం సార్?" అని బతిమాలినవాడు ఇప్పుడు, "మీ మరదలుగారు ఏం రాశారు సార్?" అంటున్నాడు. గొంతు మీద కత్తి ఉంది కాబట్టి అతను ఏమీ అనలేకపోయాడు.

అతని పద్ధతి వేరు. పొద్దున్నే మైదానానికి వెళ్ళి గుర్రం కళ్ళలోకి చూస్తాడు. చెవులెలా నిక్కబొడిచింది, తోకెలా విసిరింది, అవే అతనికి లెక్క. చిన్నకోడలు గడప దాటదు. పాత ఫలితాలు ముందేసుకుని ప్రతి గుర్రానికీ రెండు రకాల మార్కులు వేస్తుంది. ఈమధ్య ఎలా పరుగెత్తిందన్నది ఫామ్. ఎప్పుడూ ఒకేలా పరుగెత్తుతుందా, ఒకరోజు ఎగిరి మర్నాడు చతికిలబడుతుందా అన్నది నిలకడ.

"అన్నీ తీసేయగా చివరికి రెండు గుర్రాలు మిగులుతాయి మామయ్యగారూ. వాటిలో ఒకదాన్ని కొట్టేస్తే పనైపోయినట్టే" అని ఒకసారి చెప్పింది.

"ఏది కొట్టేయాలో ఎలా తెలుస్తుందమ్మా?"

వంటింట్లో పాలు పొంగిన వాసన వచ్చింది. ఆమె లేచి పరుగెత్తింది.

పోనీ పొగరుగా ఉంటే తిట్టుకోవచ్చు. అదీ లేదు. పందెం రోజు కాఫీ తెచ్చి అతని బల్ల మీద పెట్టి, "ఇవాళ ఎర్రదా బావగారూ, మచ్చలదా?" అని అడుగుతుంది. అతను చెప్పేదంతా నిలబడి వింటుంది. తలూపి వెళ్ళిపోతుంది. తన దగ్గరే నాలుగు ముక్కలు నేర్చుకుని తన నెత్తికే ఎక్కుతోందని అతనికి కడుపుమంట. అయినా గుర్రాల గురించి అడిగితే నోరు కట్టుకోవడం అతనివల్ల కాదు.

ఒకరోజు భార్య అతని చెవి దగ్గర చేరింది.

"ఏవండీ, తెలుసా? నిలకడకి పదికి పది మార్కులు ఒక్కచోటే వేసిందట. సీజనంతా చూసిందట, పిసరంత తేడా రాలేదట."

"ఏ గుర్రానికి?"

"అదే అడిగాను. నాలిక్కరుచుకుని మాట మార్చేసింది."

ఇక అతనికి ముద్ద దిగలేదు. తన కంట పడకుండా ఆ గుర్రం ఎక్కడుంది? శాలలన్నీ తిరిగాడు. మాలీషు చేసేవాణ్ణి పట్టుకుని, "ఎప్పుడూ తేడా రాని గుర్రం ఏదిరా?" అని గదమాయించాడు.

"అలాంటిది ఒకటుంటే నేనింకా ఈ లద్దె ఎత్తుతూ ఉంటానా సార్?" అన్నాడు వాడు.

చివరి పందెం రోజు రానే వచ్చింది.

"నల్లదా బావగారూ, చుక్కదా?" అంది చిన్నకోడలు కాఫీ పెడుతూ.

"నల్లదే. దాని కళ్ళలో నిప్పుంది. రాసి పెట్టుకో."

చుక్కది గెలిచింది. చిన్నకోడలు రాసిందీ చుక్కదే.

మామగారు లేచి తన కుర్చీని పైపంచెతో దులిపాడు. "రా అమ్మాయ్, కూర్చో."

పెద్దకొడుకు బైనాక్యులర్స్ మెళ్ళో వేసుకుని చెప్పుల్లో కాళ్ళు పెట్టాడు.

"ఎక్కడికిరా?" అన్నాడు తండ్రి.

"ఎక్కడికో అక్కడికి. గుర్రం గుడ్డిదైనా దాణా తప్పదని నన్ను మేపక్కర్లేదు."

భార్య గుమ్మం పట్టుకుని నిలబడిపోయింది. అడ్డం వెళ్ళింది చిన్నకోడలే. కళ్ళనిండా నీళ్ళు.

"మీరు వెళ్తే నేనా కుర్చీలో కూర్చోను బావగారూ. మీరు పక్కన లేకపోతే నేనొక్క పందెం కూడా రాయలేను. ఒట్టు!"

సీజనంతా మండిన కడుపు ఒక్కసారిగా చల్లబడింది. అనుకున్నట్టే అయింది. ఇదంతా తన చలవే! అతను ఒక చెప్పు విడిచాడు.

"ఆ ముక్క ముందే నలుగురిలో చెప్పొచ్చుగా! సరే, ఉంటాలే. కానీ ఒక్కటి దాచకుండా చెప్పు. ఆ పదికి పది ఏ గుర్రానికేశావ్?"

ఆమె నేల చూపులు చూసింది. "కోప్పడరుగా?"

"నా దగ్గర భయమెందుకమ్మా?" అంటూ అతను రెండో చెప్పూ విడిచాడు.

"గుర్రానికి కాదు బావగారూ, మీకే వేశాను; మిగిలిన రెండిట్లో మీరు గెలుస్తుందన్నదాన్ని కొట్టేస్తే ఇంతవరకూ ఒక్కసారి కూడా తప్పలేదు."