మెల్లకన్ను

"మెల్లకన్ను అదృష్టమని రెండేండ్లు నన్ను ఆపితివి కదత్తా! బిడ్డకి ఆ కన్ను సరిగ్గా కనపడదంట!" కాడుగోడిలో కంటి డాక్టరు ముందే రంజిత విరుచుకుపడింది.

మూడేళ్ల పాప బెదిరి నాయనమ్మ జయమ్మను కరుచుకుంది.

"ఇంకా ఆలస్యం కాలేదు. మంచి కన్నుకు రోజూ కాసేపు పట్టీ వేస్తే రెండోది చూడటం నేర్చుకుంటుంది" అంది డాక్టరు. తర్వాత జయమ్మను పరికించింది. "మీకూ మెల్ల ఉంది. ఆ కన్ను కనిపిస్తుందా?"

"మసగ్గా ఉంటాది. అందరికీ ఒక కన్ను అట్లే కదమ్మా?"

"కాదమ్మా."

రంజిత వంగి అత్త కన్నులోకి చూసింది.

"నాకూ పట్టీ వేస్తే వస్తాదా?"

"ఈ వయసులో కష్టం."

జయమ్మ ముఖం ఎర్రబడింది. "అదృష్టం అదృష్టమని నా కన్ను పోగొట్టిరి!" పాపను ఒళ్లోకి లాక్కుని కోడలి వైపు తిరిగింది. "వేయి తల్లీ. ఎంత ఏడ్చినా నేను పీకనియ్యను."