కమలవ్వ చావు తేదీ

"కమలవ్వ ఎప్పుడు చనిపోయిందమ్మా?" అని, మెట్‌పల్లిల ఒక ఇంటి ముందట బీడీలు చుడుతున్న ముసలామెను అడిగిన.

"నేనే కమలవ్వను. ఇంకా పోలే సారూ" అన్నది.

నేను లింఫోమా అనే క్యాన్సర్ మీద ఇరవై రెండేండ్ల సంది పరిశోధన చేస్తున్న డాక్టరును. ఆరేండ్ల కింద నేనిచ్చిన కొత్త మందుతోని ఈమె మెడ మీది గడ్డలు పూర్తిగ కరిగినయి. ఆ తర్వాత ఆమె మళ్ల మా దవాఖానకు రాలే. రాలేదంటే పోయే ఉంటదని నాకు నేనే తేల్చుకున్న. రాస్తున్న పేపరుకు చావు తేదీ కావాలని ఇంత దూరం వచ్చిన.

"మరి ఎందుకు రాలేదవ్వా?"

"నువ్వే గద సారూ, రిపోర్టు చూసి 'కంప్లీట్' అన్నవు. నా పని అయిపోయిందని సమజైంది. సచ్చేదేదో ఇంటికాడనే సద్దామని వచ్చిన."

నిజమే. 'కంప్లీట్ రెస్పాన్స్' అన్న, అంటే మందుకు రోగం ఆనవాలు లేకుండ పోయిందని. ఆ రెండు మాటల మీద ఎన్నో దేశాలల్ల ఉపన్యాసాలిచ్చిన నాకు, ఎదురుంగ కూసున్న మనిషికి తెలుగుల చెప్పాలని తోచలే.

బీడీల చాట పక్కన కింద కూసున్న.

"రోగం పోయిందవ్వా. అప్పుడే పోయింది. నాకే చెప్పరాలే."

ఆమె చేతిల ఆకును చాటల పెట్టింది.

"అయితే సారూ" అన్నది, "జర కండ్ల దవాఖానకు చిట్టీ రాసియ్యి. రెండు కండ్లకు పొరలొచ్చినయి. పోయేదానికి ఎందుకని ఆపరేషన్ చేపిచ్చుకోలే."